ఓడినవాళ్ల ఎత్తులు

దమ్మామ్,
8 నవంబరు 2024, శుక్రవారం

చిరంజీవి ఉదయకిరణ్‌ను చిన్నమ్మ రత్తమ్మ దీవించి రాయునది.

ఫోన్‌లో అడిగితే "అంతా బాగుంది చిన్నమ్మా" అని పెట్టేస్తావు. రాసేటప్పుడైతే ఆ అబద్ధానికి కాస్త కష్టపడాలి కదా అని ఈమెయిలు నేర్చుకున్నాను. అక్కకు కడుపులో గడ్డ అన్నావు, జనవరిలో ఆపరేషన్ అన్నావు. అక్క ముఖం చూసి నాలుగేళ్లయింది. ఆపరేషన్ గదిలోకి పోయే ముందు నేను పక్కన ఉండాలి. అంతకు మించి నాకేమీ వద్దు.

మేడమ్‌ను సెలవు అడిగాను. ఆమె చెడ్డ మనిషి కాదు. చిక్కంతా బాబాతోనే. బాబా అంటే మేడమ్ వాళ్ల నాన్న, ఇక్కడి రేవులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు మతి నిలవదు. ఒక్కో రోజు కూతురి పేరు కూడా గుర్తుండదు. కానీ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక చదరంగం బల్ల ముందు కూర్చుంటే మాత్రం మునుపటి మనిషే. రెండాటలు ఆడతారు, తింటారు, పడుకుంటారు. ఆ ఆట నాతోనే ఆడాలి. మొన్న నేను పనిలో ఉంటే డ్రైవర్ దిలావర్ కూర్చున్నాడు. నాలుగో ఎత్తుకే బాబా పావులన్నీ నేలకేసి కొట్టి, ఆ రోజంతా మంచినీళ్లు కూడా ముట్టలేదు.

మేడమ్ అన్నది ఒకటే మాట: "నీలాగా ఆడేవాళ్లను చూపించు, రెండు నెలలు పోయిరా." నాలాగా ఆడేవాళ్లను ఎక్కడినుంచి తెచ్చేది? ఒక ట్యాబ్ కొనిచ్చింది. అందులో చదరంగం ప్రోగ్రాం ఉంది, రాక్షసిలా ఆడుతుంది. దాన్ని నాలా ఆడించే దారి ఏమైనా ఉందా? కంప్యూటర్ సెంటర్ పెట్టుకున్నావు, ఆ మాత్రం తెలియదా? బాబాకు ఒక అలవాటు, ఆడిన ప్రతి ఎత్తూ నోటు పుస్తకంలో రాయించేవారు. తెల్లపావులు ఎప్పుడూ ఆయనవి, నల్లవి నావి, రాత కూడా నాదే. అందులోంచి 214 ఆటలు ట్యాబ్‌లోకి కొట్టాను. ఫైలు దీంతో పంపుతున్నాను.

చిన్నమ్మ

*

రాజంపేట,
13 నవంబరు 2024

చిన్నమ్మకు నమస్కారాలు.

అమ్మ బాగుంది. కాస్త నీరసం, అంతే.

దారి ఉంది. దాన్ని ఓపెనింగ్ బుక్ అంటారు, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల చిట్టా. ఆ చిట్టా ఇస్తే ప్రోగ్రాం సొంత బుర్ర వాడదు, అందులో చూసి ఆడుతుంది. నీ ఆటల్లోంచి చిట్టా తయారుచేస్తే మొదటి పదిహేను ఎత్తులు నీలాగే ఆడుతుంది. ఆ తర్వాత దాని స్థాయిని అట్టడుగుకు దించేస్తే ముసలాయన ఎలాగూ గెలుస్తాడు.

కానీ నీ ఫైలును నా కంప్యూటర్ మింగడం లేదు. 214 ఆటల్లో తొమ్మిదే తీసుకుంది. రాజుకు కోట కట్టిన ప్రతిచోటా సున్నాలు పెట్టావు, అక్కడ ఇంగ్లీషు 'ఓ' ఉండాలి. అవి నేనే మారుస్తాను. అసలు గొడవ నీ కబుర్లు. ఎత్తుల మధ్యలో "బాబాకు దగ్గు వచ్చింది", "రొట్టె మాడింది" అని రాసుకుంటూ పోయావు. ప్రోగ్రాం అది కూడా ఎత్తే అనుకుని, అలాంటి ఎత్తు లేదని ఆగిపోతోంది. రొట్టె ఏ గడిలో మాడింది చిన్నమ్మా? పైగా అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టావు. ఏది ఎత్తో ఏది కబురో నాకూ తెలియడం లేదు. అవి తీసెయ్, లేదా మీసాల బ్రాకెట్లలో పెట్టు. ఆటకూ ఆటకూ మధ్య ఒక వరస ఖాళీ వదులు.

ఉదయ్

*

దమ్మామ్,
22 నవంబరు 2024

ఉదయకిరణ్‌కు ఆశీస్సులు.

రొట్టె పొయ్యి మీదే మాడింది నాయనా. నేను ఆడుతూ వండుతాను, వండుతూ ఆడతాను. ఇంజనీరు కూతురింట్లో నాకు వేరే వంటమనిషిని పెట్టలేదు. ఆ కబుర్లు రాయమన్నది కూడా బాబాయే. మతి బాగున్న రోజుల్లో, ఆ పూట ఇంట్లో ఏం జరిగిందో రాస్తేనే ఆట గుర్తుంటుందనేవారు. అందుకే తీసేయడానికి చెయ్యి రాలేదు. అన్నిటికీ బ్రాకెట్లు పెట్టాను. రెండు శుక్రవారాలు పట్టింది. మిగతా రోజుల్లో నాకు కూర్చునే తీరిక ఎక్కడిది?

అక్కకు నీరసమే అన్నావు కాబట్టి మనసు కుదుటపడింది. అయితే మరీ తొందర లేదన్నమాట. రంజాన్ నెలలో ఇక్కడ పని ఎక్కువ, పండగ అయ్యాక పోతానంటే మేడమ్ కూడా సంతోషంగా పంపుతుంది. ఆపరేషన్ కూడా అప్పటికి జరపొచ్చేమో డాక్టరును కనుక్కో.

అక్క ఏం తింటోందో రాయి. నువ్వు తినిపించేదాని సంగతి కాదు, తను తినేది.

చిన్నమ్మ

*

రాజంపేట,
27 నవంబరు 2024

చిన్నమ్మకు,

ఈసారి 153 ఆటలు ఎక్కాయి. 61 ఆటలు తోసేసింది. "చెల్లని ఎత్తు" అంటోంది. నేను ఒక్కొక్కటీ తెరిచి చూశాను. అన్నిట్లో ఒకటే తప్పు. నీ రాజు ఉన్నట్టుండి గుర్రంలా దూకుతాడు. రాజు గుర్రంలా దూకడమేంటి చిన్నమ్మా? ఒక్క చెల్లని ఎత్తు ఉంటే ఆట మొత్తం పారేస్తుంది ఈ ప్రోగ్రాం. ఇదేమన్నా ఆటా, మన ఊరి అరుగా?

పండగ అయ్యాక అనొద్దు. అంతదాకా ఎందుకు? నీకు అక్కడ బాగా అలవాటైపోయినట్టుంది.

అమ్మ రాగి సంగటి రెండు ముద్దలు తింటోంది.

ఉదయ్

*

దమ్మామ్,
6 డిసెంబరు 2024

ఉదయకిరణ్‌కు,

రాగి సంగటి రెండు ముద్దలు తినే మనిషికి నీరసమెందుకు వస్తుంది? నాకు నిజం రాయి. మా అక్కకు సంగటి గొంతు దిగదని నాకు తెలియదా?

రాజు దూకుడు మా నాయన ఓబులయ్య నేర్పింది. మీ తాతే, నువ్వు చూడలేదు. ఆటకు ఒక్కసారి, రాజుకు ఇంకా షా, అదే చెక్కు, తగలకముందు, గుర్రంలా ఒక దూకు దూకొచ్చు. మన వైపు అందరూ అట్లే ఆడతారు. మొదటిసారి నేను దూకినప్పుడు బాబా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఇక తిడతారు, పని పోయింది అనుకున్నాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. ఆ ఇంట్లో ఆయన నవ్వు నేను వినడం అదే మొదలు. అప్పటినుంచి నేను ఎప్పుడు దూకుతానా అని చూస్తారు. నువ్వు చెల్లదంటున్నది నేను ఈ ఇంట్లో చేరినప్పటినుంచి, రెండేళ్లుగా చెల్లుతోంది.

సరే, నీ యంత్రానికి నచ్చకపోతే ఆ ఆటలను దూకుడుకు ముందు దాకా కోసెయ్. అక్కడికి చాలినన్ని ఎత్తులు ఉంటాయి కదా. అలవాటైపోయిందని ఎత్తిపొడిచావు. అలవాటు కాకపోతే బతకడం ఎట్లా? ఆ మాట నువ్వనేది కాదు.

చిన్నమ్మ

*

తిరుపతి,
11 డిసెంబరు 2024

చిన్నమ్మా,

అమ్మను తిరుపతి ఆసుపత్రిలో చేర్చి పది రోజులయింది. గడ్డ కాలేయానికి పాకింది. ఆపరేషన్ లేదన్నారు. ఆ మాట నవంబరులోనే చెప్పారు. అమ్మ నా చేత ఒట్టు పెట్టించుకుంది. "రత్తికి చెప్పొద్దురా. ఆడ పని ఇడిసిపెట్టి వచ్చేస్తాది. కట్టపడి నిలబడింది, దాన్ని కదిలించొద్దు" అంది. నేను నీకు అబద్ధం రాశాను. సంగటి కూడా అబద్ధమే. గంజి నీళ్లు నాలుగు చెంచాలు పోతున్నాయి.

ఒక నెల అన్నారు డాక్టర్లు. అంతకంటే తక్కువ కూడా కావచ్చు.

ఫైలు అయిపోయింది. ఆసుపత్రి వరండాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని చేశాను. 61 ఆటలూ కోశాను. 214కి 214 ఎక్కాయి, ఒక్క తప్పూ చూపలేదు. బుక్ తయారైంది, పంపుతున్నాను. ట్యాబ్‌లో సెట్టింగులు తెరిచి ఓపెనింగ్ బుక్ అన్నచోట ఈ ఫైలును చూపించు, స్థాయి ఒకటికి దించు. బాబాకు చూపించి, మేడమ్ దగ్గర దేశం దాటనిచ్చే ఎగ్జిట్ కాగితం తీసుకుని బయలుదేరు.

ఉదయ్

*

దమ్మామ్,
20 డిసెంబరు 2024

ఉదయ్,

ఏం తయారుచేశావురా నువ్వు?

నీ ఉత్తరం చదివి నేను ఏడ్వలేదు. ఏడ్వడానికి పొద్దులేదు. నువ్వు చెప్పినట్టే అన్నీ పెట్టి, మేడమ్‌ను పక్కన కూర్చోబెట్టి, ట్యాబ్ బాబా చేతికిచ్చాను. ఆయన రాజు ముందరి బంటు తోశారు. రెండేళ్లలో ఆయన వేరే ఎత్తుతో మొదలుపెట్టింది లేదు, దానికి నేను వేరే జవాబు ఇచ్చిందీ లేదు. నీ ట్యాబ్ అంచున ఉన్న బంటును ఒక గడి జరిపింది. బాబా నా ముఖంలోకి చూశారు, నేనేదో తప్పు ఆడినట్టు. రెండో ఎత్తుకు ఇంకో అంచు బంటు. మూడో ఎత్తుకు ఆయన లేచి నిలబడ్డారు. "మీన్ హాదా?" అని అరిచారు. ఎవరు ఇది అని. ట్యాబ్ గోడకు తగిలి మూల పగిలింది. బాబా రెండు రోజులు ఏమీ తినలేదు, నేను పెట్టినా తినలేదు. ఇప్పుడు నన్ను చూసినా అనుమానమే.

మేడమ్ ఎగ్జిట్ కాగితం అప్లై చేయబోయి ఆపేసింది. "ఇట్లాంటి స్థితిలో మా నాన్నను నీ ప్రయోగాలకు వదిలి, నువ్వు విమానం ఎక్కుతావా?" అంది.

అక్క పరిస్థితి దాచావు, సరే, అది అక్క పెట్టిన ఒట్టు. ఇది ఎవరు పెట్టిన ఒట్టు?

*

తిరుపతి,
21 డిసెంబరు 2024

ఫైలులో తప్పు లేదు. బుక్‌లో తప్పు లేదు. నాలుగుసార్లు చూశాను. 214 ఆటలు శుభ్రంగా ఎక్కాయి. నువ్వు ట్యాబ్‌లో సరిగ్గా పెట్టి ఉండవు, లేదా నోటు పుస్తకంలో ఒకటి రాసి అక్కడ ఇంకోటి ఆడుతూ ఉంటావు.

ఇక్కడ నేను ఒక్కడినే. ఉదయం మందులు, మధ్యాహ్నం స్కానింగు, మధ్యలో ఎవరో ముసలాయన చదరంగం. అమ్మను చూడాలని లేకపోతే ఆ ముక్క చెప్పు. ఇన్ని ఆటలు ఎందుకు?

*

తిరుపతి,
24 డిసెంబరు 2024

చిన్నమ్మా,

మొన్న రాసింది చించెయ్. ఈమెయిలును చించలేవని తెలుసు, అయినా చించినట్టు అనుకో.

నిన్న బుక్ తెరిచి లోపల ఒక్కొక్క ఎత్తూ కంటితో చూశాను. అంతకుముందు లెక్క మాత్రమే చూశాను, ఇన్ని వందల ఎత్తులు ఎక్కాయి అని. చూస్తే అన్నీ తెల్లపావుల ఎత్తులే. అంటే అన్నీ బాబావే. నీది ఒక్కటి కూడా లేదు. ట్యాబ్ నల్లపావులతో కూర్చుంటే దాని చిట్టాలో దానికి ఏమీ లేదు, అందుకే స్థాయి దించిన సొంత బుర్రతో పిచ్చి ఎత్తులు వేసింది.

ఎందుకో వెతికాను. బుక్ తయారుచేసే ప్రోగ్రాం పద్ధతి అది. గెలిచినవాళ్ల ఎత్తుకు రెండు మార్కులు, డ్రా అయితే ఒకటి, ఓడినవాళ్లకు సున్నా. సున్నా వచ్చిన ఎత్తును చిట్టాలోంచి తీసేస్తుంది. పనికిరాని ఎత్తు నేర్పడం ఎందుకని. తప్పు చూపించదు, అడగదు, చెప్పదు. నిశ్శబ్దంగా తీసేస్తుంది.

చిన్నమ్మా, 214 ఆటల్లో నువ్వు ఒక్కటి కూడా గెలవలేదా? ఒక్కటి డ్రా కూడా లేదా?

అమ్మ ఇవాళ నిన్ను రెండుసార్లు పిలిచింది. నర్సును నువ్వనుకుంది.

ఉదయ్

*

దమ్మామ్,
27 డిసెంబరు 2024

ఉదయ్‌కు,

గెలవడం నాకు చేతకాదనుకున్నావా? పన్నెండేళ్లకే మా నాయనను ఓడించాను. బాబాను కూడా ఈ ఇంటికి వచ్చిన మొదటి నెలలో ఒకసారి ఓడించాను. ఆయన తన రాజును చేతిలో పట్టుకుని రెండు గంటలు అట్లే కూర్చున్నారు, ఇంటికి తోవ తెలియని మనిషిలా. ఆ ఆట పుస్తకంలో రాయలేదు. ఆ రోజునుంచి ఓడిపోవడమే నా పని.

అది సులువనుకోకు. గబుక్కున ఓడితే ఆయనకు తెలిసిపోతుంది, ఇంజనీరు బుర్ర అది, మతి పోయినా ఆ మూల మిగిలింది. ముప్పై ఎత్తులు గట్టిగా నిలబడాలి. ఆయనకు చెమట పట్టించాలి. గెలుపు అందేదాకా పోయి, అప్పుడు చూపు తప్పినట్టు మంత్రిని ఒదులుకోవాలి. గిన్నెలు తోమడం, నేల తుడవడం, ఆయనకు స్నానం చేయించడం ఇవన్నీ ఎవరైనా చేస్తారు. ఇదొక్కటి నేను తప్ప ఎవరూ చేయలేరు. ఓడినవాళ్ల ఎత్తులు పనికిరావని నీ ప్రోగ్రాం తీసేసిందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. బయట కూడా అంతే కదా.

ఆ ఫైలులో ప్రతి ఆటకూ కింద ఫలితం ఉంటుంది కదా. అన్నిట్లో నేనే గెలిచానని రాసెయ్. ఎవరూ చూడరు. మేడమ్ కాళ్లు పట్టుకుని ఇంకొక్కసారి చూస్తానన్నాను. ఒక్కసారే ఒప్పుకుంది.

అక్క మళ్లీ నన్ను పిలిస్తే వస్తున్నానని ఆ నర్సునే చెప్పమను. నా గొంతు మా అక్కకు గుర్తుండదా అంటావేమో. ఫర్వాలేదు, చెప్పమను.

చిన్నమ్మ

*

తిరుపతి,
28 డిసెంబరు 2024

చిన్నమ్మా,

మార్చేశాను. 214 ఆటలూ నువ్వే గెలిచావు. ఈసారి బుక్ తెరిచి నేనే నా కళ్లతో చూశాను, అన్నీ నల్లపావుల ఎత్తులే. నేనే తెల్లపావులతో కూర్చుని, నీ ఫైలులో బాబా ఆడినట్టు ఆడి చూశాను. రాజు ముందరి బంటు తోస్తే నువ్విచ్చే జవాబే ఇచ్చింది. పద్నాలుగు ఎత్తులు తడుముకోలేదు. ఆ దూకుడు మాత్రం రాదు, దాన్ని ఏ ప్రోగ్రామూ ఒప్పుకోదు.

అమ్మకు తెలివి ఉన్నప్పుడు చెప్పాను, చిన్నమ్మ అక్కడ 214 ఆటలు గెలిచిందని. "ఎవురి మింద?" అంది. పెద్ద ఇంజనీరు మీద అన్నాను. "గెలుస్తాది. అది మా నాయననే ఇడిసిపెట్టలా" అంది. చాలాసేపు నవ్వు ముఖంతోనే ఉంది. అబద్ధం చెప్పి అమ్మను నవ్వించినందుకు నాకు సిగ్గు వేయలేదు.

త్వరగా రా.

ఉదయ్

*

దమ్మామ్,
3 జనవరి 2025

ఉదయ్‌కు ఆశీస్సులు.

ఆడాడు. ఆడారు అనాలి, సంతోషంలో మర్యాద తప్పాను. మంగళవారం పగిలిన మూలకు టేపు వేసి ఇచ్చాను. నేను తలుపు పక్కన నిలబడ్డాను. ఆయన బంటు తోశారు, ట్యాబ్ నా బంటు తోసింది. ఆయన గుర్రం, నా గుర్రం. ఆరో ఎత్తుకు ఆయన భుజాలు సడలాయి. ఆట మధ్యలో ఒకచోట నా దూకుడు కోసం చాలాసేపు చూశారు. అది రాకపోయేసరికి తల గోక్కుని మరిచిపోయారు. గెలిచారు. అన్నం తిన్నారు. వరసగా నాలుగు రోజులనుంచి అంతే.

మేడమ్ నిన్న నేను పోయి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ తీసింది. టికెట్ తొమ్మిదో తేదీకి, దమ్మామ్ నుంచి చెన్నైకి. అక్కడినుంచి తిరుపతికి బస్సు పట్టుకుంటాను, నువ్వు ఆసుపత్రి వదిలి రావద్దు. ఇంక ఆరు రోజులు. అక్కకు రోజూ లెక్క చెప్తూ ఉండు, ఐదు, నాలుగు, మూడు అని. ఖర్జూరాలు తినగలదా? మెత్తవి తీసుకున్నాను.

చిన్నమ్మ

*

రాజంపేట,
6 జనవరి 2025

చిన్నమ్మా,

నిన్న పొద్దున పది గంటలకు అమ్మ పోయింది. సాయంత్రానికి ఊరికి తెచ్చాము. నువ్వు ఫోన్ ఎత్తలేదు, పనివేళ అది మేడమ్ దగ్గర ఉంటుందని తెలుసు. ఆలస్యం చేయకూడదన్నారు పెద్దవాళ్లు. అయిపోయింది.

నాలుగు అని చెప్పినప్పుడు వేలు కదిలించింది.

నవంబరులోనే నిజం రాసి ఉంటే నువ్వు ఫైలూ గీలూ అనకుండా ఏదో ఒకటి చేసి వచ్చేదానివి. ఆ బుక్‌ను మొదటిసారే తెరిచి చూసి ఉన్నా వచ్చేదానివి. రెండూ నేను చేయలేదు.

ఉదయ్

*

దమ్మామ్,
10 జనవరి 2025, శుక్రవారం

చిరంజీవి ఉదయకిరణ్‌కు చిన్నమ్మ రాయునది.

నువ్వు నీరసం అన్నావు, నేను నమ్మాను. నమ్మడం నాకు కూడా సుఖంగానే ఉండింది. ఇద్దరం కలిసి పోగొట్టుకున్నాం, నువ్వొక్కడివే మోయొద్దు.

నీ ఉత్తరం చదివి చెప్పగానే మేడమ్ నన్ను పట్టుకుని ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు, వాళ్లమ్మ పోయిన కథ కూడా చెప్పింది. మర్నాడు పొద్దున టీ ఇస్తుంటే అడిగింది, చూడాల్సిన మనిషే లేనప్పుడు ఇప్పుడు పోయి ఏం చేస్తావని. దినాలకు ఉండాలి అనడానికి ఆమె భాషలో నాకు మాట దొరకలేదు. టికెట్ రద్దు చేసింది. జుబైల్ అనే ఊళ్లో ఆమె చెల్లెలికి కాన్పు దగ్గరపడింది, పనిమనిషి లేదు. బాబాకు ట్యాబ్ ఉంది కదా, ఇక్కడ నీ అవసరం అంతగా లేదు, రేపటినుంచి అక్కడ ఉండమంది. ఇకామా, అంటే నేను ఇక్కడ ఉండడానికిచ్చిన కాగితం, ఈమె పేరు మీదే ఉంటుంది కాబట్టి కాదనడానికి నాకు నోరు లేదు. మూట కట్టుకున్నాను. ఖర్జూరాలు దిలావర్‌కు ఇచ్చేశాను.

పోయే ముందు బాబాతో ఒక్క ఆట ఆడతానని మేడమ్‌ను అడిగాను. నిన్న సాయంత్రం బల్ల మీద చెక్కపావులు సర్ది, ఎదురుగా కూర్చున్నాను. ఈసారి గెలుద్దామనే కూర్చున్నాను, నీకెందుకు అబద్ధం చెప్పాలి. ఎవరి మీదైనా గెలవాలని ఉండింది. ఆయన ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని వచ్చారు. నన్ను ఎగాదిగా చూసి, ఎవరమ్మా నువ్వు, కొంచెం పక్కకు జరుగు, రత్త నాకోసం కూర్చుని ఉంది అన్నారు.

జరిగాను. వెనక నిలబడి ఆట మొత్తం చూశాను. ఎనిమిదో ఎత్తు నాదే, తొమ్మిదోది నాదే.

పదకొండో రోజు అక్కకు పిండం పెట్టేటప్పుడు నా పేరు చెప్పి ఒక ముద్ద ఎక్కువ పెట్టు. ఆ ఫైలును ఇక ఏమీ చేయొద్దు. నీ పనిలో తప్పు లేదు ఉదయ్. అది అచ్చం నాలాగే ఓడిపోతోంది.

రత్తమ్మ